మూడో బల్ల మీది తీగ

ఆ కాలేజీలో మొదటి ఏడాది పిల్లలు ఫిజిక్స్ ల్యాబు గుమ్మం దాటగానే వినే మాట ఒకటే. "జీరో చూశారా?" స్క్రూగేజి చేతిలోకి తీసుకున్నా, అమ్మీటరు ముందు కూర్చున్నా, ఆఖరికి స్టాప్‌వాచీ మెడలో వేసుకున్నా అదే ప్రశ్న. కొలిచే ముందు ముల్లు సున్నా మీద ఉందో లేదో చూసుకోకపోతే ఆ తర్వాత కొలిచిందంతా దండగ అని ల్యాబు మేడమ్ సిద్ధాంతం. ఇరవై మూడేళ్ళుగా అడిగీ అడిగీ ఆ ప్రశ్నే ఆవిడకి పేరైపోయింది. జీరో మేడమ్. మార్కులు కూడా అంతే వేస్తుందని గిట్టనివాళ్ళు పుకారు పుట్టించారు గానీ, మార్కులు వేసే అధికారం ఆవిడకి లేదు. ఆవిడ ల్యాబ్ అసిస్టెంటు. పరికరాలు సర్దడం, ప్రయోగం చేసి చూపించడం, పిల్లలు చేస్తుంటే కనిపెట్టుకుని ఉండడం, చివర్లో వాళ్ళ ఫలితాల చీటీలు పోగుచేసి ఇన్‌ఛార్జి సారుకి ఇవ్వడం, అంతవరకే.

అనుమానం ఆవిడకి పుట్టుకతో వచ్చిందేం కాదు. ఉద్యోగంలో చేరిన మూడో రోజు వచ్చింది. ఆ రోజు ఒక విద్యార్థి వైర్లు కలిపి, "అంతా సరిగ్గానే ఉంది మేడమ్, స్విచ్ వెయ్యమంటారా?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. మొహం చూస్తే అబద్ధం ఆడేలా లేడు. వెయ్యమంది. ఆ మహానుభావుడు అమ్మీటరుని తీసుకెళ్ళి నేరుగా బ్యాటరీ రెండు కొసలకీ తగిలించాడు. ముల్లు ఒక్క ఊపున చివరికి కొట్టుకుని వంగిపోయింది. వెనకాలే కాలిన వాసన. అప్పటి ఇన్‌ఛార్జి పదిమంది ముందు ఆవిడని కడిగి పారేశాడు. అంతే, ఆ తర్వాత ఒకరు చెప్పిన మాట నమ్మి స్విచ్ వెయ్యనివ్వలేదు. ప్రతి వైరూ కొస నుంచి కొస దాకా వేలు పెట్టి చూసుకోవాల్సిందే.

ఆ అలవాటు ల్యాబులో ఆగలేదు. కూరల కొట్లో తూకం వేసే ముందు పళ్ళెం ఖాళీగా ఉండగా ముల్లు ఎక్కడుందో వంగి చూసేది. కొట్టువాడు రోజూ ఒళ్ళు మండి ఊరుకునేవాడు. ఆవిడ భర్త బస్సు డ్రైవరు. "నలభైమందిని ఎక్కించుకుని బస్సు నడిపేవాణ్ణి. నేను తలుపు గడియ వేశానంటే మాత్రం ఈవిడ లేచి వెళ్ళి లాగి చూస్తుంది" అని చుట్టాల దగ్గర నవ్వేవాడు. అత్తగారు మాత్రం నవ్వేది కాదు. "చూస్తే నష్టమేముందిరా? నువ్వు రెండుసార్లు మర్చిపోయావుగా" అనేది.

పనిలో మాత్రం ఆవిడకి వంక పెట్టలేం. రేపు పిల్లలు చెయ్యబోయే ప్రయోగం ఇవాళే తను ఒకసారి పూర్తిగా చేసి చూసుకునేది, వందసార్లు చేసిందే అయినా సరే. ఏ గేజికి సున్నా దగ్గర ఎంత దోషముందో, ఏ స్టాండు మర వదులో, ఏ లోలకం దారం సాగుతుందో నోటికి వచ్చు. పిల్లల దగ్గరికి వెళ్ళేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకునేది. తన చెయ్యి పరికరం మీద పడిందంటే వాళ్ళు చెయ్యడం మానేస్తారని. గోల చేసే బల్లని వదిలేసి, చప్పుడు లేని బల్ల దగ్గరికి ముందు వెళ్ళేది. అడగడానికి భయపడేవాళ్ళు అక్కడే ఉంటారని ఆవిడకి తెలుసు.

అలాంటి ల్యాబులోకి ఆ ఏడాది టర్మ్ మొదట్లో ఇన్‌ఛార్జి సారు ఒక కొత్తమ్మాయిని వెంటబెట్టుకొచ్చాడు. సన్నగా ఉంది, పెద్ద కళ్ళజోడు, చేతిలో నీలం అట్ట నోటుపుస్తకం.

"ఈ అమ్మాయి మీ దగ్గర పని నేర్చుకుంటుంది మేడమ్. మీరు చేసేవన్నీ చూసి రాసుకుంటుంది" అన్నాడు.

"నేర్చుకోవడం సరేనండి. రాసుకోవడం ఎందుకు?"

"ఊరికే. కాగితం మీద ఉంటే మంచిది కదా."

ఆ 'ఊరికే' అన్న మాట ఆవిడ మనసులో ముల్లులా దిగింది. ఇన్నాళ్ళలో ఆ సారు ఊరికే చేసిన పని ఒక్కటి కూడా ఆవిడకి గుర్తు రాలేదు.

రెండు రోజులు తిరక్కుండానే అటెండరు ఇంకో మాట మోసుకొచ్చాడు. ఆయన ఆవిడకన్నా పెద్దవాడు, బల్లలు తుడవడం, గదులు తెరవడం ఆయన పని. ఆఫీసులో చెవులు కొరుక్కునే ప్రతి మాటా ముందు ఆయన చెవినే పడుతుంది. "ఇదీ పక్క గదిలోదీ, రెండు ల్యాబులకీ కలిపి ఒక్క అసిస్టెంటు చాలదా అనుకుంటున్నారమ్మా. నేను అన్నానని అనకండి" అన్నాడు.

ఇక చెప్పేదేముంది? ఆవిడకి లెక్క తేలిపోయింది. తను చేసేదంతా కాగితం మీదికి ఎక్కితే తనతో పనేముంది? ఈ పిల్ల నేర్చుకోవడానికి రాలేదు, కూపీ లాగడానికి వచ్చింది.

కొత్తమ్మాయి రాస్తూనే ఉండేది. ఆవిడ గేజి తుడుస్తుంటే రాసేది, పిల్లల్ని గదమాయిస్తుంటే రాసేది. దగ్గరికి వెళ్తే గబుక్కున పుస్తకం మూసేసేది. ఒకసారి జీరో మేడమ్ బీరువా తలుపు తీసే వంకతో వెనక నుంచి వెళ్ళి తొంగి చూసింది. 'మేడమ్ దగ్గర నిలబడితే' అన్న మూడు ముక్కలు కనబడ్డాయి. మిగతాది ఆ పిల్ల చెయ్యి కింద ఉండిపోయింది.

"ఏం రాస్తున్నావమ్మాయ్?"

"ఏం లేదు మేడమ్... ఊరికే."

ఇక్కడా ఊరికేనే!

ఆ పైన మూడో వారానికి ఇంకో వింత మొదలైంది. స్క్రూగేజితో రాగితీగ మందం కొలిచే ప్రయోగం నడుస్తోంది. తీగ అసలు మందం గేజి తిప్పే కొసనున్న తల స్కేలు మీద నలభై ఆరు గీతలు. ఏటా పిల్లలకి నలభై రెండు నుంచి యాభై ఒకటి దాకా ఎక్కడెక్కడో వచ్చేవి. కొత్తగా గేజి పట్టుకున్న చేతులకి అలాగే వస్తుంది. ఒకడు బిగించేస్తాడు, ఒకడు వదులుగా పడతాడు. ఈ ఏడాది మాత్రం ఎనిమిది బల్లలుంటే ఏడింటికి నలభై ఆరు, మిగిలిన ఒక్కదానికి నలభై ఏడు. బ్యాచి తర్వాత బ్యాచి అదే వరస.

ఇన్‌ఛార్జి సారు చీటీలు చూసి మురిసిపోయాడు. "కొత్తమ్మాయి వచ్చిన వేళావిశేషం మేడమ్! ఫలితాలు బ్రహ్మాండంగా ఉన్నాయి."

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. కొత్తగా నేర్చుకుంటున్న పదహారు జతల చేతులకి ఒకే అంకె రావడమేమిటి? ఎవరో ముందే ఉప్పందిస్తున్నారు. ఎవరో ఏమిటి, ఆ కళ్ళజోడు పిల్లే. పిల్లల దగ్గర మంచి అనిపించుకోవడానికి, సారు దగ్గర పేరు కొట్టెయ్యడానికి అంకె చెప్పేస్తోంది.

కొత్తమ్మాయి వచ్చేదాకా జీరో మేడమ్‌కి మూలన ఒక కుర్చీ ఉండేది. చేతులు వెనక్కి కట్టుకుని ఒక చుట్టు తిరిగి, ఆ కుర్చీలో కూర్చుని, పిలిస్తేనే లేచేది. అటెండరు ఆ మాట మోసుకొచ్చిన రోజు నుంచే, ఆ పిల్లని కనిపెట్టి ఉండడానికి, కుర్చీ వదిలేసి బల్లల దగ్గరే నిలబడుతోంది. ఇప్పుడిక కళ్ళలో వత్తులు వేసుకుని ఒక్కో బల్ల దగ్గరా కాపలా కాసింది. పిల్లలు అంకె పలికేదాకా కదిలేది కాదు. అయినా దొంగ దొరకలేదు. కొత్తమ్మాయి పెదవి విప్పగా ఆవిడ చూడలేదు. అంకెలు మాత్రం నలభై ఆరే.

దాంతో ఒక ఉచ్చు పన్నింది. బీరువా అడుగున ఇంకో రాగితీగ చుట్ట ఉంది. రంగు అదే, మందం యాభై ఆరు గీతలు. పదంటే పదే గీతల తేడా, కంటికి ఆనదు. బుధవారం ఉదయం అందరికన్నా ముందు వచ్చి, ఆ తీగ ముక్క ఒకటి కోసి, మిగతావాటిలాగే అట్టముక్కకి చుట్టి మూడో బల్ల మీద పెట్టింది. గుర్తు కూడా పెట్టలేదు. పెడితే ఆ పిల్ల కంట పడుతుందని భయం. ఎవరికీ చెప్పలేదు. కొలవకుండా అంకె అప్పజెప్పేవాళ్ళైతే మూడో బల్లవాళ్ళు నలభై ఆరంటారు. అన్నారా, గుట్టు రట్టయినట్టే.

మధ్యాహ్నం రెండింటికి బ్యాచి వచ్చింది. మూడో బల్ల దగ్గర ఇద్దరమ్మాయిలు. ఆవిడ వెళ్ళి నిలబడింది. ఒకమ్మాయి గేజి తిప్పి, టిక్కు టిక్కుమన్నాక ఆపి, గీతలు లెక్కపెట్టి, దోషం తీసేసి అంది. "నలభై ఆరు మేడమ్."

దొరికింది! ఆవిడకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. పైకి మాత్రం గంభీరంగా, "సరిగ్గా చూడు" అంది.

ఆ అమ్మాయి మళ్ళీ చూసింది. పక్కమ్మాయి చెవిలో ఏదో గొణిగింది. ఇద్దరూ తలెత్తి మేడమ్ వంక చూశారు. "నలభై తొమ్మిదా మేడమ్?... యాభై రెండు?... కాదు కాదు, యాభై ఆరు."

"ఊఁ" అని ముందుకి కదిలింది ఆవిడ. చూశావా, కొలిస్తే అసలు అంకె వచ్చింది, ముందు చెప్పింది మాత్రం ఎవరో నేర్పిన చిలకపలుకు, అనుకుంది.

నాలుగో బల్ల దగ్గర ఒక పొడుగాటి అబ్బాయి, "యాభై ఆరండి" అన్నాడు. పక్కబల్ల మాటలు విని వల్లించేస్తున్నాడు వీడు, అనుకుంది. "మళ్ళీ కొలువు." కొలిచాడు. రెండు మూడు అంకెలు అటూ ఇటూ తిరిగి నలభై ఆరు దగ్గర ఆగాడు.

బ్యాచి వెళ్ళిపోయాక ఆవిడ తలుపు దగ్గరగా వేసి కొత్తమ్మాయిని పిలిచింది. అటెండరు బల్లలు తుడుస్తూ అక్కడే ఉన్నాడు. ఉంటే ఉండనీ, సాక్ష్యానికి పనికొస్తాడు.

"అమ్మాయ్, నిన్నొకటి అడుగుతాను, నీళ్ళు నమలకుండా చెప్పు."

"నేనే మీ దగ్గరికి వద్దామనుకుంటున్నాను మేడమ్" అంది ఆ పిల్ల. చేతిలో రెండు తీగ ముక్కలున్నాయి. మొహం పాలిపోయి ఉంది. "మూడో బల్ల చీటీలో యాభై ఆరు రాసింది, నాలుగో బల్ల చీటీలో నలభై ఆరు. నేను ఇప్పుడే కొలిచాను. అది తిరగబడింది. మూడో బల్ల మీద ఉన్నది నలభై ఆరు తీగ, నాలుగు మీద ఉన్నది మందం తీగ."

"నీ మొహం! మందం తీగ మూడు మీద నా చేత్తో నేను పెట్టాను."

అనేశాక నాలిక్కరుచుకుంది. కొత్తమ్మాయి కళ్ళజోడు సర్దుకుని ఆవిడ వంక వింతగా చూసింది.

అటెండరు గుడ్డ దులుపుతూ, "పొద్దున తుడిచేటప్పుడు అట్టముక్కలన్నీ తీసి మళ్ళీ పెట్టానమ్మా" అన్నాడు. "అన్నీ ఒకటే కదా అని ఏది ఎక్కడిదో చూళ్ళేదు."

జీరో మేడమ్ గేజి తీసుకుంది. జీరో చూసింది. ఒక తీగ కొలిచింది, రెండోది కొలిచింది. గేజి మార్చి మళ్ళీ కొలిచింది. ఆ పిల్ల చెప్పిందే నిజం. అంటే మూడో బల్ల అమ్మాయి మొదట అన్న నలభై ఆరు అచ్చంగా కొలిచి చెప్పిన అంకె. పొడుగాటి అబ్బాయి అన్న యాభై ఆరు కూడా నిజమే. ఇద్దరూ సరిగ్గా కొలిచి, తర్వాత చేతులారా తప్పు రాసుకున్నారు.

"మరి యాభై ఆరని ఆ పిల్లకి ఎవరు చెప్పారు?" అంది. గొంతు తగ్గింది. "నువ్వు చెప్పావా?"

"మూడో బల్ల మీద మందం తీగ పెట్టారని నాకెలా తెలుస్తుంది మేడమ్?" అంది కొత్తమ్మాయి. తర్వాత చాలా మెల్లిగా అంది. "మీ ఒక్కరికే తెలుసు."

అటెండరు తుడిచిన బల్లనే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

కొత్తమ్మాయి నీలం అట్ట పుస్తకం తెరిచి, ఒక పేజీ వెతికి ఆవిడ ముందు పెట్టింది. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. 'మేడమ్ దగ్గర నిలబడితే పిల్లలు గేజి చూడరు, మేడమ్‌ని చూస్తారు. తప్పు అంకె చెబితే మేడమ్ ఎడమ కనుబొమ్మ లేస్తుంది. అసలు అంకె దగ్గరకొచ్చేకొద్దీ దిగుతుంది. అది దిగేదాకా అంకెలు చెప్పుకుంటూ పోతారు. కుర్చీలో కూర్చున్నన్నాళ్ళూ ఈ ఇబ్బంది లేదు.' కింద ఇంకో గీత గీసి రాసి ఉంది: 'ఇది మేడమ్‌కి ఎలా చెప్పడం?'

ఆ పేజీకి ముందువన్నీ తిరగేసింది ఆవిడ. చేతులు వెనక్కి కట్టుకోవడం. చప్పుడు లేని బల్ల. ముందురోజు తనే చేసి చూసుకోవడం. 'సమాధానం చెప్పొద్దు, ఏం కనబడుతోందో అడుగు' అని తను ఎప్పుడో విసుక్కుంటూ అన్న మాట, తేదీతో సహా. తన ఇరవై మూడేళ్ళూ ఆ నీలం అట్టల మధ్య ఉన్నాయి. ఒక్కటి కూడా చాడీ కాదు.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అంది చివరికి.

"మీరు నన్ను చూసే చూపుకి భయమేసింది మేడమ్."

ఆవిడ గేజిలన్నీ పెట్టెలో సర్దేసి, ఎప్పుడూ రెండుసార్లు చూసే తాళం ఒక్కసారి కూడా చూడకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న వంటింట్లో అద్దం పట్టుకుని కూర్చుంది. భర్త డ్యూటీకి తయారవుతున్నాడు. "ఏవండీ, ఏదైనా ఒక అంకె చెప్పండి. తప్పుది చెప్పండి."

"దేనికి తప్పు?"

"మన పెళ్ళై ఎన్నేళ్ళయిందో తప్పుగా చెప్పండి."

"పద్దెనిమిది" అన్నాడాయన అమాయకంగా. తప్పు చెప్పమన్న సంగతి మర్చిపోయి సరైనదే అనుకుని చెప్పాడు, అదీ తప్పే. అద్దంలో ఎడమ కనుబొమ్మ కొక్కెం పెట్టి లాగినట్టు లేచింది.

మూల కూర్చున్న అత్తగారు కిసుక్కున నవ్వింది. "ఇవాళ కనిపెట్టావా తల్లీ? నువ్వు కాపురానికి వచ్చిన వారానికే నాకు తెలుసు ఆ కనుబొమ్మ సంగతి. నువ్వు ముద్ద నోట్లో పెట్టుకోగానే అటు చూసి కూరలో ఉప్పు సరిచేసుకునేదాన్ని."

"ఒక్కసారైనా చెప్పొచ్చుగా అత్తయ్యా!"

"చెబితే దాన్ని దాచేదానివి. నా కూర ఏమైపోను?"

దాచడానికి ఆవిడ ప్రయత్నించకపోలేదు. రెండు రోజులు మొహం బిగించుకుని బల్లల మధ్య తిరిగింది. "మేడమ్, తలనొప్పా?" అని పిల్లలు అడిగారు గానీ, అంకెలు నలభై ఆరు వదల్లేదు. కనుబొమ్మ కాకపోతే పెదవి, పెదవి కాకపోతే మెడ. తెలిసినదాన్ని మొహం మీదికి రాకుండా ఆపడం ఆవిడ వల్ల కాలేదు.

ఇక మిగిలింది ఒకటే దారి. తనకి తెలియకుండా ఉండడం. శనివారం కొత్తమ్మాయిని పిలిచి బీరువా తాళం చెవి చేతిలో పెట్టింది. ఇరవై మూడేళ్ళలో ఆ తాళం ఇంకొకరి చేతికి వెళ్ళలేదు. "రకరకాల తీగలున్నాయి. నీ ఇష్టం వచ్చినట్టు ఎనిమిది ముక్కలు కోసి పెట్టు. ఏది ఎంతో రాసి నీ దగ్గరే ఉంచు, నాకు చెప్పకు. క్లాసులో మటుకు నువ్వు ఏ బల్ల దగ్గరా నిలబడకు. నీ మొహం సంగతి నాకు తెలీదు."

ఇవ్వనైతే ఇచ్చింది గానీ, ఆ పూటంతా ఆవిడకి ఒంటి మీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టే ఉంది. ఈ పిల్ల ఒకే తీగ ఎనిమిది ముక్కలు కోసి పెడితే? తప్పు రాసి, ఆ తప్పు నా నెత్తిన రుద్దితే? రెండుసార్లు బీరువా దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

ఆ రోజు మొదటి బల్ల దగ్గర ఒకబ్బాయి అంకె చెప్పి అలవాటుగా తలెత్తాడు. "ముప్ఫై ఎనిమిది. కరెక్టేనా మేడమ్?"

"నాకు తెలీదు."

వాడు నమ్మలేదు. మొహంలో మొహం పెట్టి వెతికాడు.

"నా మొహం మీద గీతల్లేవు నాయనా. గీతలు తల స్కేలు మీదున్నాయి, అటు చూడు" అంది. వాడు నోరు వెళ్ళబెట్టి, కాసేపటికి గేజి మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఆ రోజు పిల్లలు ఒక్కో తీగనీ ఐదారుసార్లు కొలిచారు. ఎవర్ని చూడాలో తెలియక ఒకళ్ళ కొలత ఇంకొకళ్ళు చూసుకున్నారు, వాదించుకున్నారు.

ఫలితాలు చెల్లాచెదురుగా వచ్చాయి. రెండు గీతల తేడా ఒకచోట, ఐదు గీతల తేడా ఒకచోట. ఇన్‌ఛార్జి సారు మొహం మాడ్చుకుని ల్యాబుకే వచ్చాడు. "ఏమైంది మేడమ్? మొన్నటిదాకా బంగారంలా ఉన్నాయి."

"మొన్నటివి నా అంకెలండి. ఇవి వాళ్ళవి" అంది ఆవిడ. జరిగిందంతా దాచకుండా చెప్పింది, కనుబొమ్మతో సహా. చెబుతుంటే చెవులు ఎర్రబడ్డాయి గానీ ఆపలేదు. తర్వాత చాలారోజులుగా కడుపులో ఉన్న ప్రశ్న కూడా అడిగేసింది. "ఆ పుస్తకం రాయిస్తున్నది నన్ను తీసెయ్యడానికేనా?"

సారు గొంతు సవరించుకున్నాడు. కిటికీ వంక చూశాడు. "అలాంటిదేం ఇంకా నిర్ణయం కాలేదు."

ఇంకా! ఆ మాట ఆవిడ చెవిని దాటిపోలేదు. తన అనుమానం పూర్తిగా గాలిలోంచి పుట్టిందేం కాదన్నమాట. తప్పు మనిషి మీద పెట్టుకుంది, అంతే. సారు గుమ్మం దాటాక కొత్తమ్మాయి వైపు తిరిగి, "ఎలాగూ రాస్తున్నావు, సగం సగం రాయకు. మిగతావి కూడా నేను చెబుతాను, రాసుకో. నేను లేకపోయినా గేజిలైనా బతుకుతాయి" అంది.

టర్మ్ అయ్యేసరికి అది పదకొండు పేజీల చిన్న పుస్తకమైంది. కొత్తగా చేరే అసిస్టెంట్లకి ఇస్తున్నారు. కనుబొమ్మ సంగతి వద్దని ఆ పిల్ల ఎంత బతిమాలినా వినకుండా ఆవిడే దగ్గరుండి రాయించింది. రెండు ల్యాబులూ కలపడం ఆ ఏడాది జరగలేదు. మరుసటేడు సంగతి ఆఫీసులో ఎవరూ పైకి అనడం లేదు. ఆవిడ మాత్రం అటెండరుని వారానికోసారి అడుగుతూనే ఉంది.

కొత్తమ్మాయిని పక్క గదిలోని ల్యాబుకి మార్చారు. తీగలు కోసిపెట్టే పని మాత్రం ఇప్పటికీ ఆ పిల్లదే. పిల్లలు వెళ్ళాక జీరో మేడమ్ ఎనిమిదీ తను కొలుచుకుని చీటీ తీస్తుంది, ఆ పిల్ల తన చీటీ తీస్తుంది. మొన్న ఆరో తీగ దగ్గర రెండు గీతల తేడా వచ్చింది. "నువ్వు జీరో చూళ్ళేదు" అంది ఆవిడ. "మీరు మరీ బిగించారు" అంది ఆ పిల్ల. టీ చల్లారిపోతోందని అటెండరు రెండుసార్లు వచ్చి చెప్పి వెళ్ళాడు. ఇద్దరూ చెరో గేజి పట్టుకుని ఆ తీగ మీదే వంగి ఉన్నారు.